కొండలెక్కే సైకిలు

ఏమండీ,

పాలు కాచి పెట్టాను, గోరువెచ్చగా అయ్యాక తోడు వేయండి. వసారాలో ఉన్న కొత్త సైకిలుకి పట్టిన బురద గీకి, ఈరోజే అద్దంకిలో కొన్న కొట్టుకి తీసుకెళ్లి మార్చుకురండి. అంగన్‌వాడీకి నేను నడిచే వెళ్తున్నాను.

"మనది నల్లరేగడి, సన్న టైర్లు దిగబడతాయి, కొండలెక్కే సైకిలే కావాలి" అని కొట్టాయనా మీరూ కలిసి తేల్చేశారు. మన పత్తిచేలల్లో కొండెక్కడుందండీ? నిన్నటి వానకి ఆ లావు టైర్లకి మట్టి ముద్దలు ముద్దలుగా పట్టి చక్రం కదల్లేదు. డొంక పొడుగునా నేనే దాన్ని భుజాన మోశాను. బురదలో ఏ సైకిలైనా దిగాల్సిందే, సన్న టైర్లదైతే మోయడానికైనా తేలిగ్గా ఉండేది. డొంక దాటితే అంతా తారురోడ్డే కదా! గేర్లు ఆరున్నాయి గానీ అంగన్‌వాడీ పిల్లలకిచ్చే కోడిగుడ్లు పెట్టుకెళ్లడానికి క్యారియర్ లేదు. చీర కట్టుకుని ఆ నడిమి కమ్మీ మీంచి కాలెలా వేయను? తొక్కేది నేను. కొనేముందు నన్ను ఒక్క మాట అడిగారా?

సన్న టైర్లున్న లేడీస్ సైకిలు తీసుకురండి, క్యారియర్ బిగించి.

మల్లేశ్వరి

మొన్న పొద్దున నేను లేవలేదనుకుని మీరు వాకిట్లో దాన్ని తొక్కారు. గేర్లు మారుస్తూ మీలో మీరే నవ్వుకున్నారు. కిటికీలోంచి చూశాను. అంత ముచ్చటగా ఉంటే మీకే అని చెప్పి కొనుక్కోవాల్సింది. నేను వద్దంటానా?