సెల్లార్‌కు చేరని గొంతు

కూకట్‌పల్లి,
ఎనిమిదో తేదీ

పిన్నికి నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటనుకోకు. నా ఫోన్ ఆఫీసు వాళ్లిచ్చింది. ఇది చదివాక చింపెయ్యి.

రాయదుర్గంలో నువ్వు వంట చేసే భవనానికి మంటల హెచ్చరిక ప్రోగ్రాం రాసింది మేమే కదా. పై అంతస్తుల్లో హెచ్చరిక ఇంగ్లీషులో వస్తుంది. సెల్లార్ క్యాంటీన్‌కు మాత్రం, "మంటలు! మెట్లెక్కి బయటికి రండి" అని నీ గొంతే రికార్డు చేశాను. తెలిసిన గొంతయితే నీతో పనిచేసేవాళ్లు త్వరగా కదులుతారని.

మీ భవనానికి పంపే ప్రోగ్రాం తయారయ్యేటప్పుడు కోడ్ అందులో దానంతటదే చేరుతుంది. శబ్దాల ఫైళ్లను కాపీ చెయ్యమని విడిగా చెప్పాలి. నీ గొంతున్న ఫైలుకు చెప్పడం మరిచిపోయాను. నా కంప్యూటర్లో అది ఉంది కాబట్టి ఇక్కడ పరీక్షించిన ప్రతిసారీ పలికింది. మీ దగ్గర లేదు. అయినా తెర మీద "ప్రకటన పూర్తయింది" అని పచ్చగా వస్తుంది.

మొన్నటి డ్రిల్లులో ఏమీ వినపడలేదని నువ్వంటే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల హోరు పిన్నీ అని నవ్వాను.

మా మేనేజర్ నర్సింగరావు గారికి చెప్పాను. "ఇప్పుడు బయటవెడితే అందరు పరేషాన్ అయితరు. ఈ నెలాఖరు రిలీజ్‌ల సరిచేద్దాం. అప్పటిదాంక సప్పుడు చెయ్యకు" అన్నారు.

సరిచేసిన ప్రోగ్రాం రావడానికి ఇంకా ఇరవై రెండు రోజులు.

మెట్ల తలుపుకు అడ్డంగా బియ్యం బస్తాలు పేర్చారన్నావు. రేపే తీయించు. పొగ వాసన వస్తే పొయ్యిలు కట్టేసి అందర్నీ తీసుకుని వెళ్లిపో. నీ గొంతు వినపడలేదంటే అంతా క్షేమమని అనుకోకు.

నీ అక్క కొడుకు