నొక్కకూడని కాలు

ఆదివారం, మధ్యాహ్నం

వదినకు నమస్కారాలు.

నువ్వు ఆసుపత్రి నుంచి ఇల్లు చేరావని తెలిసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పడుకున్న గది మాత్రం ఇంకా సర్దలేదు. అందులోకి వెళ్ళడానికి మొహం చెల్లడం లేదు.

చీలమండ కట్టు విప్పాక, మా ఇంటికి మెట్లు లేవు కదా అని నేనే నిన్ను తెచ్చుకున్నాను. మంచం దిగనివ్వలేదు. మంచినీళ్ళు కూడా చేతికే అందించాను. మా ఆడపడుచు వడ్డిస్తే వద్దనడానికి వీల్లేదని నువ్వు అందరితో అంటుంటే మురిసిపోయేదాన్ని. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే, నీరు దిగిందిలే అన్నాను. డాక్టరుకు చూపిద్దామని నువ్వంటే, ఈరోజు మనింట్లో ప్రార్థన ఉంది, రేపు చూద్దామన్నాను. తెల్లారేసరికి నీకు ఊపిరాడలేదు.

కాలు కదలకుండా రోజుల తరబడి ఉంటే లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డ కట్టవచ్చట. అది తెగి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుందట. వాచిన పిక్కను ఎవరు మర్దన చేశారని డాక్టరమ్మ అడిగితే నేను గోడ వైపు చూశాను. నువ్వు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి మరీ, నేనే నొక్కమన్నానండీ అన్నావు. మర్దన వల్లే తెగిందని చెప్పలేం కానీ అలా చేయకూడదనీ, వాచిన రోజే తీసుకురావాల్సిందనీ ఆవిడ అంది.

మొన్న అన్నయ్య ఫోను చేసి, నువ్వు లేకపోతే మీ వదిన నాకు దక్కేది కాదన్నాడు. నేను 'ఊఁ' అని ఊరుకున్నాను. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే ఆ 'ఊఁ'యే వినిపిస్తోంది.

రక్తం పలచబడే మాత్రలు మానకు. చిగుళ్ళలో రక్తం కనిపించినా వెంటనే డాక్టరమ్మకు చెప్పు. ఎంతసేపు నడవాలో ఆవిడనే అడుగు. నా మాట వినకు.

నీ ముందు తలెత్తలేని
ఆడపడుచు

తా.క. నీ కళ్ళజోడు ఇక్కడే కిటికీలో ఉండిపోయింది. కాబట్టి ఈ ఉత్తరం అన్నయ్యే నీకు చదివి వినిపిస్తూ ఉంటాడు. అది తెలిసే, కళ్ళజోడు పంపకముందే రాస్తున్నాను. అన్నయ్యా, వదిన నన్ను నొక్కమనలేదు. ప్రార్థనకు వచ్చినవాళ్ళందరి ముందూ నూనె గిన్నె పట్టుకుని నేనే కూర్చున్నాను. నొప్పి పుడుతోంది, వదిలెయ్యవే అంటూ తను కాలు వెనక్కి లాక్కుంది. ఆడపడుచంటే ఇలా ఉండాలని వాళ్ళు మెచ్చుకుంటున్నారు. నేను వదల్లేదు.