తెలియనివాళ్ల ఊరు

నవంబరు 14, మధ్యాహ్నం.
ఇవాళ్టి పనులు: నీళ్లు కాచి చల్లార్చి మూతపెట్టాను. దుప్పట్లు ఉతికాను. చిన్నదాని చెప్పు తెగితే కుట్టించాను. కాజాలు ఒక్క చొక్కాకే, అదీ డబ్బులు రాని చొక్కాకి.

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. పూర్తిగా అబద్ధం కాదులే, జ్వరాలూ దగ్గులూ ఎవరికీ లేవు. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, ఆ గచ్చు మీద దుప్పటి మడిచి వేసుకునే పడుకుంటున్నావనీ అనుకుంటాను.

ముందు నువ్వడిగినవి. నీ సైకిలు మా వరండాలోనే ఉంది, గొలుసుకు నూనె వేశాను. నీ గది ఖాళీ చేసేశాం. ఇంటాయన సామాను వీధిలో పెట్టకముందే మీ బావ వెళ్లి తెచ్చాడు. పంపుహౌస్‌లో నీ చోట కొత్తవాణ్ణి వేశారు. నీళ్లలో కలిపే బ్లీచింగు బస్తాలు ఇప్పుడు గోడెత్తు ఉన్నాయట. అప్పుడు లేనివి ఇప్పుడెక్కణ్ణించి వచ్చాయని అడిగే నాథుడు లేడు. నువ్వడిగింది ఇంకొకటుంది. దానికి చివర్లో వస్తాను.

అసలు కబురు: కేసు మార్చేశారు. పైకోర్టు నిన్న ఆర్డరిచ్చింది. విచారణ ఇక్కడ కాదు, నది అవతలి పట్నంలో. నిన్నూ అక్కడి జైలుకే పంపుతారు. ఒక పూటలో వచ్చిపోయే దూరం కాదు, వారంవారం రాలేను. నువ్వు తేలిగ్గా ఊపిరి తీసుకునేలోపే ఇంకో మాట కూడా చెప్పేస్తున్నాను. మార్చడమంటే వదిలెయ్యడం కాదని మన ప్లీడరు నాకు ముచ్చటగా మూడుసార్లు చెప్పాడు.

ఊరికే మార్చలేదు. ఈ ఊరి కోపంలో ఇక్కడ విచారణ సరిగ్గా జరగదని మన ప్లీడరు అడిగితే, అవతలి ప్లీడరు లేచి, "కోపమంతా పేపర్లలోనే. ముద్దాయి అక్క ఆ వీధిలోనే కాపురం చేస్తోంది, బావ టైలరు దుకాణం నడుస్తోంది. ఎవరైనా ఒక రాయి వేశారా?" అన్నాడు. నిజమే, రాయి వెయ్యలేదు. ఆమధ్య సబ్బు కోసం వెళితే సరుకుల కొట్టామె నలుగురి ముందూ, "మీ తమ్ముడు లోపలున్నన్నాళ్లూ నీళ్లు కాచుకు తాగుతాం. బయటికొస్తే దాహం చంపుకుని కూచుంటాంలే" అంది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. ఆ పంపు నీళ్లు తాగి పోయిన పదకొండు మందిలో ఆమె ఇంటి మనిషీ ఉన్నాడు. సబ్బు తీసుకుని వచ్చేశాను. అయినా మాటలకు కోర్టులో బరువుండదట. కాగితం కావాలన్నారు.

కాగితం దొరికింది. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ ఆర్డరు నకలు నీకూ ఇస్తారట. అందులో చదివి తెలుసుకోవడం కంటే నా చేతిరాతలో తెలియడం మేలు.

నిన్ను ఉరితియ్యాలనీ, నీ తరఫున ఏ ప్లీడరూ నిలబడకూడదనీ మా వీధివాళ్లు అర్జీ పెట్టారు. ప్లీడరు తెచ్చి చూపించాడు. మూడో సంతకం మీ బావది. కత్తెర తెరిచినట్టుండే ఆ తోక ఇంకెవరు పెడతారు?

ఆయనకి కంచం పెట్టి అడిగాను. "ఇది మీదేనా?"

తలెత్తలేదు. "నలుగురొచ్చారు. కలం చేతిలో పెట్టారు. మిషను మీద ఉన్నవి వాళ్ల గుడ్డలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పుట్టింటికి పోతావనుకున్నాను."

"నా పుట్టింట్లో మిగిలింది వాడొక్కడే. జైల్లో కాపురం పెట్టమంటారా?"

నవ్వబోయాడు, మెతుకు గొంతుకడ్డం పడింది. నీళ్లిచ్చాను. కాచినవే.

మర్నాడు నేను అడక్కుండానే ప్లీడరు దగ్గరికి వెళ్లి, భయపడి పెట్టానని అఫిడవిట్ ఇచ్చాడు, ఆ నలుగురి పేర్లతో సహా. మన ప్లీడరు జడ్జిగారితో ఒకటే మాట అన్నాడట: "సొంత బావమరిదిని ఉరితియ్యమని భయంతో సంతకం పెట్టిన ఊళ్లో, పరాయి సాక్షి భయం లేకుండా నిజం చెబుతాడా?" కేసు అక్కడ కదిలింది.

దాంతోపాటు దుకాణమూ కదిలింది. ఒక్కొక్కరే వచ్చి గుడ్డలు పట్టుకుపోయారు. చేతులు అతికించని చొక్కాలు, అంచు మడవని ప్యాంట్లు, దారాలు వేలాడుతుండగానే. మీ బావ ఒక్కొక్కటీ మడతపెట్టి మరీ ఇచ్చాడు. ఇన్నాళ్లూ నిన్ను చూడ్డానికి ఆయన ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైందిగా.

ఇక నీ ప్రశ్న. "అక్కా, నువ్వయినా నన్ను నమ్ముతున్నావా?" అన్నావు. నమ్ముతున్నానని రాసి ఆ కాగితం చింపేశాను. ఆ నీళ్లే తాగి అప్పుడు మా చిన్నదీ ఆసుపత్రి వరండా పాలైంది. దాని కళ్లు లోపలికి పోయిన రోజు నేనూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. బస్తాలు రాలేదని నువ్వంటావు. వచ్చాయి, నువ్వే అమ్ముకున్నావని స్టోరు గుమాస్తా అంటాడు. చిన్నప్పుడు నువ్వు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఆ జైలు ఇనప జాలీ వెనక చీకట్లో నాకు నీ చెవులు కనపడవు. నాకు తెలియదురా. ఈ ఊళ్లో అందరికీ తెలుసు, తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. తెలియనివాళ్లున్న ఊళ్లో నీ మాట వినాలనే ఇంత తిరిగాను. అక్కడ ఉన్నది ఉన్నట్టు మొదట్నుంచీ చెప్పు. నేను వెనక బల్ల మీద కూచుని వింటాను, ఎప్పుడూ విననట్టు.

దీంతో ఒక పొట్లం పంపుతున్నాను. "ఊరందరికీ కుట్టే బావ, నాకు మాత్రం రెడీమేడ్ చొక్కా" అని మా పెళ్లయినప్పట్నుంచీ దెప్పుతున్నావుగా. ఎప్పుడడిగినా రేపు రేపు అనేవాడు. ఇప్పుడు మిషను ఖాళీయే కదా అని కూచుని కుట్టాడు. కొలతకి నీ పాత చొక్కా తీసిస్తే వద్దన్నాడు. కోర్టు దగ్గర నువ్వు వ్యాను దిగుతుంటే రోడ్డవతల నుంచి ఒక్కసారి చూశాడట. ఛాతీ దగ్గరా భుజాల దగ్గరా బాగా తగ్గించాడు. కాజాలు నావి. మొదటి వాయిదాకి అదే తొడుక్కో. సరిపోకపోతే రాయి. సరిపోతుందేమోననే నా భయం.

ఇట్లు,
నీ అక్క

తా.క. లెక్క ఒకటి రాయమన్నాడు మీ బావ. సంతకం సంగతి ఎత్తలేదు, ఆయన చెప్పింది ఇంతే: "బావమరిదికి చొక్కా, పాత బాకీ. చెల్లు."