ఒకే నీలం

కోసపాళయం,
మార్చి 1911

బావగారికి నమస్కారం.

మీ నీలి తొట్లు పాడవుతున్నాయని, వీరాసామిని పది రోజులు పంపమని రాశారు. పంపను.

మీ తమ్ముడు పోయిన పదహారో రోజున మా అద్దకపు కొట్టానికి వచ్చి, "ఆడదానికి తొట్లు ఏందిరా? నాతో రాండి" అని ఏడుగురు పనివాళ్లను తీసుకుపోయారు. ముసలి వీరాసామి ఒక్కడే మిగిలాడు. "ఇంకో నలుగుర్ని పెట్టుకోమ్మా, లేకుంటే పని యాడ జరగతాది?" అని బతిమాలాడు. నేను పెట్టుకోలేదు. పనివాడు వెళ్లిపోతే పనితనం కూడా అతనితోనే పోతుందని ఆరోజు మీరే నాకు నేర్పారు.

ఏడాదిపాటు ఇద్దరమే రెండు తొట్లు నడిపాం. సున్నం ఎంత వేయాలో చూసుకోవడానికి ఒక కొలత గిన్నె పెట్టాం. గుడ్డను ఎన్నిసార్లు ముంచాలో, ఎంతసేపు ఆరబెట్టాలో గోడమీద గీతలు గీశాం. ఆ తరువాతే పన్నెండుమంది ఆడవాళ్లను చేర్చుకున్నాను. తొట్టి ముఖం చూడనివాళ్లు కూడా వారంలో పని పట్టుకున్నారు. ఇప్పుడు ఎవరు ముంచినా ఒకే నీలం వస్తుంది. మీ ఏడుగురూ ఏడు రంగులు తీస్తున్నారట.

ఇంకొక సంగతి. ఇరవై ఏళ్లుగా మీ దగ్గర గుడ్డ కొంటున్న ఓడల వర్తకుడు ఇకమీద మీ గడప తొక్కడు. నేనే అతని ఇంటికి వెళ్లి, మీ గుడ్డ, మా గుడ్డ పక్కపక్కన పరిచి చూపించాను. ఈ మాట మీరు ఇంకెవరి నోటా వినకూడదని నా చేత్తో రాస్తున్నాను.

మీ తమ్ముడి భార్య