నాన్న పేరు పిలిస్తే

పోయెనిత్సా,
2013 నవంబరు 18.

బ్రాయిలాలో ఉంటున్న చెల్లెలు రుక్సాండ్రాకు అక్క దీవెనలు. నీ ఇంటినీ నీ మోకాళ్లనీ దేవుడు చల్లగా చూడాలి.

నేను సఫ్తా హుషాను. వయసు ఎనభై మూడు. వడ్రంగి తోడెర్ పెద్దకూతుర్ని. ఇంట్లో నేనూ, మొగుడు పోయిన కోడలు అనిత్సా, రెండు మేకలూ. నా పేరు నీకు తెలియదా అని నవ్వకు. ఇది సాక్షుల ముందు చెబుతున్న మాట. నాన్న ఎముకల కోసం వచ్చినవాళ్లు మళ్లీ రాకుండా చర్చి సంఘానికీ ఒక ప్రతి వెళుతుంది. నాకు అక్షరం ముక్క రాదు కనుక పక్కింటి ఇలింకా రాస్తోంది. నేను తిట్టినచోటల్లా చుక్కలు పెడతానంటోంది. పెట్టుకోమన్నాను.

ముందు మంచి మాట. నాన్న ఎముకలు అమ్మ పక్కనే ఉన్నాయి. ఇక ఎవరూ కదపరు.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఆకుపచ్చ చొక్కాలతో తిరిగిన దళం నీకు గుర్తుండదు. దాని పేరుతోనే ఇప్పుడు పట్నం కుర్రాళ్లు మళ్లీ దళం కట్టారు. అవే చొక్కాలు, అవే పాటలు, జేబుల్లో ఫోన్లు మాత్రం కొత్తవి. ఆ చొక్కాతో నాన్న ఉన్న ఫొటో ఒకటి వాళ్లకు దొరికింది. ఇంకేం, నాన్న వాళ్ల అమరవీరుడైపోయాడు. పోలీసులు చంపారట. ఎముకలు తవ్వుకుపోయి కొండమీద వాళ్ల స్మారకంలో పెడతారట. కుటుంబం అడ్డు చెప్పకపోతే సరేనంది చర్చి సంఘం.

మొన్న ఆదివారం డోలు కొట్టుకుంటూ సమాధుల దగ్గరికి వచ్చారు. వాళ్లకొక ఆనవాయితీ ఉంది. నాయకుడు చనిపోయినవాడి పేరు పిలుస్తాడు, మిగతావాళ్లంతా వాడి బదులు "ఉన్నాడు" అని అరుస్తారు. నాయకుడు ఒక్టావ్ అనే ..... లాయరు. "తోడెర్ హుషాను" అని పిలిచాడు. వాళ్లు నోరు తెరిచేలోగా నేను "లేడు" అన్నాను.

మళ్లీ పిలిచాడు. మళ్లీ లేడన్నాను.

"మామ్మా, పక్కకు జరుగు. ఆయన మావాడు. ఈ ఫొటోలో ఆ చొక్కా చూడు" అన్నాడు.

"చొక్కా సరే నాయనా, మనిషిని చూశావా? మన ఆచారం ప్రకారం, పోయిన ఏడేళ్లకు బయటికి తీసి ఎముకలు వైన్‌తో కడిగింది మా అమ్మ. పుర్రె నా ఒళ్లో పెట్టింది. వెనకవైపు గుండు దిగిన బెజ్జం. కాల్చింది పోలీసులు కాదు, ఈ చొక్కాలవాళ్లే, మా గుమ్మంలో, నా కళ్లముందు. నీవాడే అయితే ఏ పన్ను లేదో చెప్పి తీసుకుపో" అన్నాను.

చర్చి గంట కొట్టే నెకులాయి వెనకనుంచి, "చెప్పవయ్యా లాయరూ, కోర్టులో గట్టిగానే అరుస్తావుగా" అన్నాడు. జనం నవ్వారు. ఫాదర్‌గారు, కుటుంబం అడ్డు చెప్పింది, ఇక దయచేయండి అన్నారు. డోలు కూడా మరిచిపోయి వెళ్లారు.

ఇంటికొచ్చి మొక్కజొన్న ముద్ద, పుల్లమీగడ కడుపునిండా తిన్నాను.

ఇట్లు నీ అక్క.

తా.క.: ఇలింకా కాగితం మడిచేసింది. మళ్లీ విప్పించాను. ఆ ఫొటో అబద్ధం కాదు. నాన్న ఒక వేసవి వాళ్లలో ఉన్నాడు. ఊరికి వంతెన కడతామంటే వెళ్లాడు, చొక్కా ఇస్తే తొడుక్కున్నాడు. ఆకులు రాలేనాటికి, హెర్ష్కు అనే యూదుడి కొట్టు తగలబెట్టాలి రమ్మన్నారు. నాన్న చొక్కా విప్పి, మడిచి, వాళ్ల చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాడు. అందుకే చంపారు. సమాధి దగ్గర ఇది చెబితే మొదటి సగం పట్టుకుని రెండో సగం మింగేస్తారని ఊరుకున్నాను. నీకు అమ్మ కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాక ఊపిరి ఆడుతోంది. వెళ్లాడు, తిరిగొచ్చాడు, రెండూ రాయమన్నాను. సాక్షులు దీని కిందే పేర్లు పెట్టాలి.

సఫ్తా హుషాను, సిలువ గుర్తు: ✕

సాక్షులు: ఇలింకా మొరారు, రాసినది.
నెకులాయి బుర్లాకు.