పదకొండు జిప్పుల పరీక్ష

జూన్ 11, మంగళవారం.
ఉతికిన బట్టలు పద్నాలుగు, తుడిచిన కిటికీలు మూడు, లాగించి చూసిన జిప్పులు పదకొండు.

వదిన గారికి,

జిప్ అనే ఇంగ్లీషు మాట చప్పుడులోంచి పుట్టిందని మీరన్నప్పుడు నేను అందరి ముందూ నవ్వాను. "చప్పుళ్లతో మాటలు చేసేది చంటిపిల్లలు వదినా! అది కనిపెట్టినాయన పేరై ఉంటుంది" అన్నాను. "నీదే తప్పని వాళ్లందరి ముందూ ఒప్పుకునేదాకా మీ గడప తొక్కను" అని మీరు వెళ్లిపోయారు. ఎనిమిది రోజులైంది. నాతో సరిగ్గా వాదించే మనిషి లేక ఇల్లు బోసిగా ఉంది.

నిన్న లైబ్రరీకి వెళ్లి నిఘంటువు చూశాను. ఆ వస్తువు రాకముందే ఆ మాట ఉందట. తూటా దూసుకుపోయినా, గుడ్డ చిరిగినా వచ్చే చప్పుడును అలా అనేవారట. అయినా మనసొప్పక, ఈ ఉదయం ఇంట్లో జిప్పులన్నీ మీ తమ్ముడి చేత లాగించి, పక్కనే నిలబడి విన్నాను. పదింటిలో ఒక్కటీ జిప్ అనలేదు. పదకొండోది మంచం కింద పెట్టెకుంది. దానికోసం ఆయన వంగేసరికి ప్యాంటు వెనక చిరిగింది.

"అయ్యో, పర్రుమందండీ!" అని అరిచాను.

ఆయన వంగినవారు వంగినట్టే ఉండి, "పర్రు ఎవరు? ప్యాంటు కనిపెట్టినాయనా?" అన్నారు.



తప్పు నాదే వదినా. మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ రోజున్న ఆరుగురి ముందూ ఈ మాటే చెప్పాను. వాళ్లు అవసరమైనదానికన్నా ఎక్కువే నవ్వారు. రేపు తప్పకుండా రండి. మీకు నేను పడ్డ బాకీ నేటితో చెల్లు.