ముగ్గు పోసిన ఇల్లు

జహీరాబాద్, మంగళవారం

బాపూ, నేను బాగున్నాను. ఫోన్‌లో చెబితే కోప్పడతావని కార్డు రాస్తున్నాను.

ఇళ్ల ప్లాన్లు కంప్యూటరే గీస్తుంటే ఈ చదువెందుకు, మానేసి రమ్మన్నావు. గీస్తున్న మాట నిజమే. నేను ట్రైనింగ్‌కు వచ్చిన ఆఫీసులో మొగుడంపల్లి భాగీరథమ్మ ఇంటికి మేం చాయ్ తాగేలోపు ఏఐ ఆరు ప్లాన్లు ఇచ్చింది. ఆమె ఒకటి మెచ్చింది. నిన్న పొద్దున ఆమె జాగలో ఆ ప్లాన్ ప్రకారం గోడలు వచ్చే చోటల్లా సున్నంతో ముగ్గు పోశాం. చెరకు మీద మంచు ఇంకా విడలేదు. ఆమె చెప్పులు బయట విడిచి, గీత తొక్కకుండా, దర్వాజకు వదిలిన సందులోంచే లోపలికి వచ్చింది. వెనక మా సార్ లేని దర్వాజ కింద తల వంచి వచ్చారు. ఆమె వంటింట్లో కూర్చుంది. గోడలున్నట్టే అందరం మెల్లగా మాట్లాడుకున్నాం.

"బిడ్డా, ఈడ కూసుంటే నా బర్రె కనవడది గదా!" అంది.

"అమ్మా, బర్రె ముచ్చట మేం ఏఐకి చెప్పనే లేదు," అన్నాను.

సార్ నా వైపు చూసి, "రేపటి సంది గీసుడు దాని పని, అడుగుడు నీ పని," అన్నారు.

చేత్తో గీసే పని తగ్గింది, దాచను. నన్ను మాత్రం మాన్పించకు.

అల్లం తవ్వారా? చెల్లె దగ్గు తగ్గిందా? అమ్మ ఇంట్లో ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎక్కడ వంగుతుందో ఒక రోజంతా చూసి రాయి. మన కొత్తింటికి నేను అడగాల్సింది అదే. ఆమెకు చెప్పకు, సిగ్గుపడి కూర్చుంటుంది.

ఇద్దరికీ దండాలు.
నీ బిడ్డ రుచిత